మూడో వరుస చివరి పాప

మా ఊరి చరిత్ర సంఘాన్ని సగం ఊరు పాత సామాన్ల సంఘం అంటుంది. మూతబడిన పోస్టాఫీసు మేడమీద ఒక గది, అంతే మా ఆస్తి. బీరువాలు వడ్రంగి ఊరికే చేసిపెట్టాడు. కుర్చీలు అద్దెకిచ్చే ఆయన మా దగ్గర అద్దె అడగడు. టీ కింద కొట్టువాడిది. ఫోటోలు దాచే గుడ్డ సంచుల నుంచి కిటికీ తెరల దాకా కుట్టింది మాత్రం గుండీల మామయ్య. జేబులో ఎప్పుడూ నాలుగు గుండీలు గలగలలాడుతుంటాయి కాబట్టి ఆ పేరు. చొక్కాకు గుండీ ఊడిన మనిషి ఎదురైతే నడిరోడ్డు మీదే నిలబెట్టి కుట్టేసే రకం. ఆయన కొట్లో చొక్కాలు, పంట్లాలు ఎన్నయినా కుడతాడు. ఆడపిల్లల గౌన్లు మాత్రం కుట్టడు. ఎందుకని ఎవరూ అడగరు.

నెలకోసారి గదిలో తాడు కట్టి, ఎవరివో తెలియని పాత ఫోటోలు వేలాడదీస్తాం. ఊరివాళ్లు వచ్చి, చూసి, పేర్లు చెబుతారు. చెప్పగానే రాసేయడానికి లేదు, ఇద్దరు చెప్పాలి. "ఒకరు చెబితే ఊహ, ఇద్దరు చెబితే చరిత్ర" అంటారు మా అధ్యక్షుడు, రిటైరైన హెడ్మాస్టరు. ఆ మాట ఆయన ఎన్నిసార్లన్నారో రాస్తే అదే ఒక చరిత్ర. ఎవరూ పోల్చలేని ముఖాల కింద పెన్సిలుతో 'ఎవరో' అని రాసి ఉంచుతాం.

ఆ ఫోటోల కోసం కాలికి బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది కూడా మామయ్యే. జనం విసుక్కున్నా వదలడు, అటక మీద చూశారా, పెట్టెలో చూశారా అంటూ చెవిలో జోరీగలా అడుగుతూనే ఉంటాడు. చరిత్ర మీద ఈయనకింత మోజేమిటా అని నవ్వుకునేదాన్ని. నాది బడి ఎదుట జిరాక్సు కొట్టు. సంఘం ఫోటోలన్నీ పెద్దవి చేసేది నేనే. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, కొట్లో ఇద్దరమే కూర్చున్నప్పుడు ఆయనే చెప్పాడు.

"నాకో పాప ఉండేదమ్మా. నీ ఈడుదే, నీ తరగతే. ఏడో ఏట జ్వరమొచ్చి పోయింది."

అమ్మ చెప్పగా ఆ సంగతి నాకు తెలుసు. పాప మాత్రం గుర్తు లేదు.

"ఒక్క ఫోటో లేదు. ఆ ఏడు బళ్లో తీశారు. కొందామంది మీ అత్తయ్య. పిల్ల కళ్లెదుటే తిరుగుతుంటే ఫోటో ఎందుకే అన్నాను." గుండీలు తీసి అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు. "ఇప్పుడు ముఖం గుర్తు రావడం లేదు. చెయ్యి గుర్తుంది, జడ గుర్తుంది, కుట్టిన ప్రతి గౌనూ గుర్తుంది. ముఖం దగ్గరికొచ్చేసరికి ఖాళీ. మీ అత్తయ్యకి రోజూ కనబడుతుంది కాబోలు. నేను మర్చిపోయానని తెలిస్తే నా మొహం చూడదు."

ఆ తర్వాత ఆయన కంటే ఎక్కువగా నేనే వెతికాను. మా ఇంటి కాపీ ఎప్పుడో చెదల పాలైంది. చివరికి మొన్న వేసవిలో, బడి పాత వాచ్‌మన్ కూతురు ఇల్లు మారుతూ ఒక అట్టపెట్టె తెచ్చిచ్చింది. అందులో మా తరగతి ఫోటో ఉంది. పెద్దది చేసి మామయ్యకు కబురు పెట్టాను.

"ఇదిగో, రెండో వరుసలో పళ్లు లేకుండా ఇకిలిస్తున్న కోతి నేనే," అన్నాను.

ఆయన నవ్వాడు. తర్వాత వేలు మూడో వరుస చివరికి వెళ్లి ఆగింది. అక్కడి పాప గౌను కాలరు సగం ఒక గుడ్డ, సగం ఇంకో గుడ్డ. గుడ్డ చాలక అలా అతికింది తనేనన్నాడు. సరిగ్గా ఫోటో తీసే వేళకు పాప తల తిప్పింది. కాలరు మీద కుట్టు కూడా కనబడుతోంది. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మసక.

"దీనికి ఒక్కచోట నిలబడటం ఎప్పుడొచ్చింది గనక," అన్నాడు. చాలాసేపు అలాగే చూశాడు. "పర్వాలేదు. మీ అత్తయ్యని తీసుకొస్తాను. ఇద్దరి మాటా అవుతుంది. ముఖం ఎలా ఉండేదో కూడా అదే చెబుతుంది, నేను అడక్కుండానే."

ఆ నెల అత్తయ్య మొదటిసారి మా మేడ మెట్లెక్కింది. తరగతి ఫోటో దొరికిందని తప్ప మామయ్య ఆమెకు ఇంకేమీ చెప్పలేదు. సంగతి తెలిసినవాళ్లంతా టీ గ్లాసులు పట్టుకుని పక్కకు తప్పుకున్నారు. ఆమె కళ్లజోడు కొంగుతో తుడుచుకుంది. వేలు మూడో వరుస మీద నడిచింది. చివరి పాపను దాటి, ఆగకుండా, రెండో వరుసలోకి దిగింది. నా దగ్గర ఆగింది.

"ఇదిగోనండీ. అదే నవ్వు. నేను రోజూ చూస్తున్నదే."

మామయ్య చెయ్యి జేబులో ఉంది. గుండీల చప్పుడు లేదు. ఆమె కూడా మర్చిపోయిందని ఆయనకు అప్పుడే తెలిసింది. ఆ సంగతి ఆమెకే తెలియదు.

"మరి రెండో మాట?" అన్నారు హెడ్మాస్టరు, పెన్ను మూత తీసి.

మామయ్య చివరి పాపను చూశాడు, తర్వాత భార్యను చూశాడు. కాదంటే ఆమె దగ్గరున్న ముఖం పోతుంది. అవునంటే తన పాప 'ఎవరో' అయిపోతుంది. నాకు ఏడుపొచ్చింది.

"రెండో మాట నాది మాస్టారూ," అన్నాను. "మా తరగతే కదా. నా పక్కనే కూర్చునేది."

ఆ బళ్లో నాకు ఎక్కాలు నేర్పిన మనిషి ఆయన. నన్నూ, ఫోటోనూ మార్చి మార్చి చూశారు. ఎవరు రాసిన చీటీలోనైనా కామా లేకపోతే ఊరుకోని ఆయన, ఏమీ అడక్కుండా నా ముఖం కింద ఆ పాప పేరు రాశారు. మూడో వరుస చివర 'ఎవరో' అన్న పెన్సిలు రాత అలాగే ఉండిపోయింది.

అత్తయ్య ఫోటోలో నా బుగ్గను వేలితో ఒకసారి నిమిరి, చెప్పులు వేసుకోవడానికి వెళ్లింది. మామయ్య నా దగ్గరికొచ్చాడు.

"నీ ముఖం తీసేసుకున్నాం. ఏమీ అనుకోకమ్మా."

"ఉంచుకోండి మామయ్యా. పళ్లు లేనిదేగా."

ఆయన నవ్వలేదు. కొలతలు తీసుకునేటప్పుడు చూసినట్టు నా ముఖంలోకి చూశాడు.

"చిన్నప్పుడు నువ్వు బాగా నవ్వేదానివా?"

"ఎప్పుడూ నవ్వుతూనే ఉండేదాన్నని అమ్మ అంటుంది."

"అయితే అదీ నవ్వేదే," అన్నాడు. భార్య చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.