మూడు పోర్టులు, బొట్టుబిళ్లల అట్ట

దసరా సెలవుల తర్వాత మొదటి పనిరోజంటే నాకు దడ. ఆయుధపూజ పేరుతో ప్రతి ఆఫీసులోనూ కంప్యూటర్లకు తలంటు పోసినంత పని చేస్తారు. తెల్లారితే ఫోన్లన్నీ నాకే. ప్రింటర్లు బాగుచేసే పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. ఈ మధ్య బ్యాగు భుజానికి వేసుకోగానే అలసట మొదలవుతోంది.

ఆ రోజు పంజాగుట్టలో ఒక చిన్న రక్తపరీక్షల సెంటర్ నుంచి పిలుపు. ఎస్.ఆర్. నగర్ నుంచి అమీర్‌పేట దాటి అక్కడికి చేరేసరికే సగం ప్రాణం పోయింది. అక్కడ మూడు ప్రింటర్లకు కలిపి ఒకే పెట్టె బిగించింది నేనే. ప్రింట్ సర్వర్ అంటారు. దాని వెనక తీగలు గుచ్చే మూడు పోర్టులు: బిల్లులకొకటి, రిపోర్టులకొకటి, డాక్టరు గదికొకటి. తీగలు మారితే కాగితం తప్పు చోట వస్తుంది. అదే జరిగింది. ఒకమ్మాయి గర్భపరీక్ష రిపోర్టు బిల్లుల కౌంటర్లో, క్యూలో ఉన్నవాళ్లందరి ముందూ బయటికొచ్చిందట.

మేనేజర్ మండిపడుతున్నాడు. "మస్తు ఇజ్జత్ పోయింది భాయ్. గీ ఆయమ్మ తుడుస్తానని తీగలు పీకినట్టుంది. గదే నిజమైతే ఇయ్యాల్నే పంపించేస్త."

ఆయమ్మ చీపురు పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉంది. నా నోటివైపే చూస్తోంది.

వంగి చూశాను. పెట్టె తళతళలాడుతోంది, పసుపు రాసి ఉంది. రెండు తీగలు మారాయి. ఏ తీగ ఎక్కడిదో చెప్పే గుర్తు మాత్రం ఒక్కటీ లేదు. బిగించిన రోజే స్టిక్కర్లు అంటించాల్సింది. రేపు చూద్దాంలే అని వెళ్లిపోయాను. ఏడాది దాటినా ఆ రేపు రాలేదు.

"ఆమెనే గదా?" అని మేనేజర్ మళ్లీ అడిగాడు.

"కాదు సార్. కరెంటు పోయి వచ్చినప్పుడు సెట్టింగులు మారిపోయాయి," అన్నాను.

ఆమెను కాపాడాననుకుందామంటే మనసొప్పలేదు. ఆ అబద్ధం చాటున నేనూ దాక్కున్నాను.

అతను లోపలికి వెళ్లాక ఆమె దగ్గరికొచ్చింది. "నేనే పీకిన సార్. తుడిచి మళ్ల పెట్టిన. ఏది ఏడుంటదో నాకేం తెలుసు."

తీగలు సరిచేసి స్టిక్కర్ల కోసం బ్యాగంతా వెతికాను. లేవు. ఇవాళ కూడా లేవు.

"నంబర్లు రాస్తే నాకు సమజ్ కాదు సార్," అంటూ తన సంచిలోంచి బొట్టుబిళ్లల అట్ట తీసింది. మొదటి తీగకూ దాని పోర్టు పక్కనా ఒక్కో బిళ్ల అంటించింది. రెండోదానికి రెండేసి. మిగతావి నా చేతికిచ్చింది.

"మొదలే గివి పెడితే నాకు ఇయ్యాల గీ మాటలు తప్పుతుండె గద సార్."

కోపంగా కూడా అనలేదు. మూడో తీగకూ దాని పోర్టు పక్కనా మూడేసి బిళ్లలు అంటించడం అయిపోయినా, చాలాసేపు తల ఎత్తలేకపోయాను.