పాచి బాలమణి డీజిల్

చిరాగ్‌పల్లిలో ఆమెకు పాచి బాలమణి అన్న పేరు ఊరికే రాలేదు. హైవేకి ఆనుకుని తండ్రి ఆమెకిచ్చిన ఎర్రమట్టి చెలకను హైదరాబాద్ కంపెనీ ఒకటి కౌలుకు తీసుకుంది. పొడవాటి తొట్లు తవ్వి, ప్లాస్టిక్ పట్టాలు పరిచి, వాటిలో కంటికానని నాచును పెంచింది. ఆ నాచులో నూనె ఉంటుందని, దాంతో డీజిల్ తయారుచేస్తామని చెప్పింది. బాలమణి తన చేనులో తానే పనికి కుదిరింది. కొన్నాళ్లకే పెట్టుబడి పెట్టేవాళ్లు ముఖం చాటేశారు. మోటర్లు, మిషన్లు లారీ ఎక్కాయి. తొట్లు, వాటిలోని పచ్చటి నీళ్లు మాత్రం మిగిలాయి.

పూడ్చెయ్యమని అందరూ అన్నారు. అందరికన్నా గట్టిగా అన్నవాడు ఆమె అన్న రామ్‌కిషన్. అక్కడ ధాబా పెడితే బొంబాయి లారీలన్నీ ఆగుతాయని అతని ఆశ, చెల్లెలు తన మాట దాటదని ధీమా. బాలమణి వెదురు కర్రకు చెక్క కట్టి, నాచు అడుక్కి దిగకుండా మోటరు నీళ్లు తిప్పే పనిని చేత్తో చేయసాగింది. ఎందుకని మొగుడు సిద్దప్ప అడిగితే, బతికున్నదాన్ని ఎట్ల పూడుస్తమని అంది. మర్నాటికి సిద్దప్ప తనూ ఒక కర్ర చేసుకున్నాడు.

ఒక పొద్దున రామ్‌కిషన్ ట్రాక్టరు నిండా మట్టితో వచ్చాడు. బాలమణి కుచ్చిళ్లు ఎగదోపి, మోకాళ్ల లోతు తొట్లోకి దిగి నిలబడింది.

"దించు అన్నా. నా మీదనే దించు."

"పిచ్చి గిట్ల లేసిందా? పాచి కోసం తోడబుట్టినోన్ని కాదంటవా?"

"భూమి నాది. పాచి గుడ నాదే. ధాబా గావాల్నంటే నీ చేన్ల పెట్టుకో."

డ్రైవరు ఇంజను ఆపేశాడు. మట్టిని రోడ్డు పక్కనే గుమ్మరించి రామ్‌కిషన్ వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలాకాలం ఆమె గడప తొక్కలేదు.  రాఖీ పున్నానికి బాలమణే వెళ్లి కట్టి, భోజనానికి ఆగకుండా వచ్చేసింది.

కంపెనీలో కెమిస్టుగా చేసి ఉద్యోగం పోయిన ప్రత్యూష, తండ్రి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు కావడంతో జహీరాబాద్‌లోనే ఉండిపోయింది. కోస్తా పిల్ల. బాలమణి తొట్లను వదల్లేదని తెలిసి ఆదివారాలు స్కూటీ మీద వచ్చేది. ఇద్దరూ నాచును గుడ్డల్లో వడగట్టి, ఎండబెట్టి, పొడి చేసేవారు. ప్రత్యూష దాన్నుంచి నూనె తీసి, కాస్టిక్ సోడా కరిగించిన మెథనాల్ కలిపేది. మొదటిసారి నూనెలో తేమ ఉండిపోయి, అంతా సబ్బయి కూర్చుంది. డీజిల్ చేస్తనని సబ్బు చేసిందని ఊరు పడీ పడీ నవ్వింది. బాలమణి ఆ సబ్బుతోనే నీళ్లు తోడే సిద్దప్ప పాత ఆయిల్ ఇంజను జిడ్డంతా తోమింది, దారిన పోయేవాళ్లు చూసేట్టు.

ఎండాకాలం నిండా ఎండిన నాచుతో మళ్లీ చేశారు. ఈసారి ద్రవం రెండుగా విడిపోయింది. అడుగున చిక్కటి గ్లిసరిన్, పైన డీజిల్. దాన్ని కడిగి, తేరబెట్టి ఇంజనులో పోశారు. సిద్దప్ప హ్యాండిల్ తిప్పాడు. ఇంజను దగ్గింది, మొరాయించింది, ఆఖరికి అందుకుంది. సిద్దప్ప అల్లం మడుల్లోకి నీళ్లు పారాయి. రామ్‌కిషన్ కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడు. చాయ్ తాగినంతసేపట్లో పోసిన డీజిల్ అయిపోయి ఇంజను ఆగిపోయింది.

"గింతేనా? దీనికా గిన్ని తిప్పలు?" అన్నాడు రామ్‌కిషన్.

"గింతే. గీ ఇంత నేను పుట్టించిన. నీ ట్రాక్టర్ల పోసేది నువ్వు పుట్టించినవా?"

 అతను ఆ పూట అక్కడే చాయ్ తాగి వెళ్లాడు.

ప్రత్యూష మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది. బంకు డీజిల్‌తో ఇది పోటీ పడలేదని, అంత పెద్ద కంపెనీ వల్లే కాలేదని, ఆపేస్తామన్నా తానేమీ అనుకోనని.

"నువ్వు అలిసినవా బిడ్డా?"

"లేదండీ."

"మరైతే వచ్చే ఐతారం రా."

పట్టాలు చిరిగిన తొట్లను బాలమణే పూడ్చి అల్లం పెట్టింది. మిగిలిన రెండూ పచ్చగానే ఉన్నాయి. అదేమిటని లారీ డ్రైవరెవరైనా ఆగి అడిగితే, డీజిల్ పంట అని చెప్పి తన పనిలో పడుతుంది.