కాటా అయిపోయిన ఫొటోలు

2023 మిర్చి సీజన్ అది. గుంటూరులో ఆ రోజుల్లో యార్డు దరిదాపుల్లో తుమ్మకుండా నాలుగు మాటలు మాట్లాడటం కష్టం. అక్కడి కంప్యూటర్లదీ అదే అవస్థ, మూత విప్పితే ఫ్యాను రెక్కల మీదంతా ఎర్రటి పొడి. వాటిని బాగుచేయడమే నా వృత్తి.

ఒకరోజు కమీషన్ కొట్టు సాంబశివరావు గారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, మా సిస్టమ్ మరీ నత్తనడక నడుస్తోంది. కొత్తదొకటి చూడు. పనిలో పనిగా కంప్యూటర్ బాగా వచ్చిన మనిషిని కూడా చూసిపెట్టు. మా ఖాసింకి చెయ్యి నెమ్మదించింది."

ఖాసిం గారు ఆ కొట్లో గుమస్తా. యాభై దాటిన మనిషి. రైతులు సరుకు దించేసి ఊళ్ళకు వెళ్ళిపోతే, ఆ లాట్ల ఫొటోలు, వీడియోలు తీసి పైరాష్ట్రాల వ్యాపారులకు పంపేది ఆయనే. లాట్ అంటే ఒక రైతు తెచ్చిన మిరప బస్తాలన్నీ కలిపి. మావాళ్ళు ఆ బస్తాల్ని టిక్కీలంటారు. వీడియో రావడం ఆలస్యమైతే వ్యాపారి ఆగడు, పక్క కొట్టుకు ఫోన్ చేస్తాడు.

నేను వెళ్ళేసరికి ఆయన కుర్చీ తుడిచి నాకిచ్చి తాను నిలబడ్డారు.

"కొత్త మిషన్ వస్తోందంటగా అమ్మా?"

"చూద్దామండీ, ముందు దీని సంగతి తేలనివ్వండి."

"మనిషి కూడా వస్తాడంట. అయ్యగారు నాకు చెప్పలేదులే, హమాలీలు అనుకుంటుంటే విన్నా." మామూలుగానే అన్నారు గానీ చూపు నా మీద లేదు.

కంప్యూటర్ ఆన్ చేశాను. డెస్క్‌టాప్ అంటే తెరవగానే కనపడే మొదటి తెర. దాని మీద ఫైళ్ళ బొమ్మలు ఒక్కొక్కటిగా, పెళ్ళి బంతిలోకి పెద్దమనుషులు వచ్చినట్టు తీరిగ్గా వచ్చి కూర్చున్నాయి. తెర నిండిపోయింది, ఇంకా వస్తూనే ఉన్నాయి.

"ఏంటండీ ఇవన్నీ?"

"లాట్లమ్మా. మూడు సీజన్లవి."

"ఏదైనా ఫోల్డర్లో పెట్టొచ్చుగా?"

ఆయన ముఖం మారింది. "లోపల పెడితే ఎవరికి కనపడుద్దమ్మా? రైతు మమ్మల్ని నమ్మి వదిలేసి పోయాడు. సరుకు ఎదురుగా ఉండాల."

యార్డు పద్ధతే అది. కొట్టు ముందు బల్ల మీద ప్రతి లాట్ నుంచీ గుప్పెడు కాయలు శాంపిల్‌గా పోసి ఉంచుతారు. కొనేవాడి కంట పడని సరుకు అమ్ముడుపోదు. ఆయన తెరను కూడా ఆ బల్లలాగే వాడుకున్నారు.

చిక్కల్లా ఏమిటంటే, డెస్క్‌టాప్ ఉత్త బల్ల కాదు. కంప్యూటర్ తన పని చేసుకునే చోటుంటుంది, దాన్ని సి డ్రైవ్ అంటాం. డెస్క్‌టాప్ మీద పెట్టిన ప్రతి వీడియో బరువూ దాని మీదే పడుతుంది. పదో పాతికో ఐకాన్లుంటే నష్టం లేదు. ఇక్కడ సి డ్రైవ్ పూర్తిగా నిండిపోయి, కంప్యూటర్‌కి కాలు పెట్టే సందు లేదు. దానికితోడు తెరిచినప్పుడల్లా ఇన్ని వందల బొమ్మల్ని పేర్చుకోవాలి. పాత హార్డ్‌డిస్క్ ఆయె, ఎంతకని లాగుతుంది?

"బల్ల మీది శాంపిల్ ఎప్పుడు తీసేస్తారు ఖాసిం గారూ?" అనడిగాను.

"కాటా అవగానే. తూకం అయ్యాక ఆ కాయలు మళ్ళీ ఆ టిక్కీలోనే పోసేస్తాం. లేకపోతే కొత్త సరుక్కి చోటేదీ?" అంటూనే తెర వైపు తిరిగారు. "వీటికీ కాటా అయిపోయింది గదమ్మా."

అదే కంప్యూటర్లో సామాన్ల గది లాంటి డి డ్రైవ్ దాదాపు ఖాళీగా ఉంది. అందులో ఫోల్డర్ చేసి, పేరు ఆయన్నే పెట్టమన్నాను. 'కాటా అయినవి' అని టైపు చేశారు. ఏది తెర మీద ఉంచాలో, ఏది లోపలికి పంపాలో ఆయనే చెప్పారు, నేను జరిపాను. పనికిరాని తాత్కాలిక ఫైళ్ళు తీసేసి, దుమ్ము దులిపి మళ్ళీ ఆన్ చేస్తే అమ్మకానికున్న లాట్లు మాత్రమే మిగిలాయి. వాటి వెనక ఎప్పుడో పెట్టుకున్న మనవరాలి ఫొటో బయటపడింది.

సాంబశివరావు గారు వచ్చేసరికి ఆయన ఫోన్‌లో ఒక వ్యాపారి తేజా రకం మిర్చి వీడియో అడుగుతున్నాడు. ఆయన ఆ మాట చెప్పి కుర్చీలో కూర్చునేలోపే ఖాసిం గారు పంపేశారు.

"కొత్తది అప్పుడే పెట్టేశావా అమ్మాయ్?"

"పాతదేనండీ," అని జరిగింది చెప్పాను.

ఆయన గుమస్తా వైపు తిరిగారు. "ఏరా ఖాసిం, మిషన్ మొరాయిస్తోందని ఇన్నాళ్ళూ చెప్పవేం?"

ఖాసిం గారు కళ్ళజోడు తీసి పైపంచెతో తుడుచుకున్నారు. "మిషన్ అనుకోలేదండీ. నాకే వయసు మీద పడి చెయ్యి ఆడటం లేదనుకున్నా. మొన్న అద్దాలు కూడా మార్పించా."

సాంబశివరావు గారు నా వైపు తిరిగారు. "మనిషిని చూడొద్దులే అమ్మాయ్," అని, ఖాసిం గారికి టీ తెమ్మని బయటికి కేకేశారు.

ఇప్పటికీ ఎవరైనా ఫోన్ చేసి, మావాడు నెమ్మదించాడని చెబితే నేను ముందుగా ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, సి డ్రైవ్‌లో చోటెంతుందో చూస్తాను. మిషన్ ఎంత నెమ్మదించినా అది తన తప్పని ఒప్పుకోదు. దాని ముందు కూర్చున్న మనిషి మాత్రం ఎవరూ అడక్కుండానే ఒప్పేసుకుంటాడు.