ఇస్త్రీ పెట్టెలో గంగమ్మ

ఈ కాలం పిల్లలు హాస్టలు గదుల్లో టీ కాచుకుంటారట, పాటలు పెట్టుకుంటారట, అడిగే నాథుడు లేడట. వింటే నాకు అసూయ కలగదు, అసలు నమ్మకమే కలగదు. అరవైల మొదట్లో నేను నెల్లూరులో టీచరు ట్రైనింగు చదివేటప్పుడు మా ఆడపిల్లల హాస్టల్లో అగ్గిపుల్ల గీస్తే తప్పు, అగరొత్తి వెలిగిస్తే తప్పు, సంపెంగ పువ్వు పెట్టుకున్నా తప్పే. అది మిషను వాళ్ళ హాస్టలు. ఏ మతం పిల్లనైనా చేర్చుకుని కడుపు నిండా అన్నం పెట్టేవాళ్ళు, కాదంటే కళ్ళు పోతాయి. కానీ ఆదివారం పొద్దున మాత్రం అందరం తెల్లచీరలు కట్టుకుని, ఇద్దరిద్దరుగా వరస కట్టి చర్చికి నడవాల్సిందే. వరసకు ముందు మా వార్డెనమ్మగారు నడిచేవారు. ఆవిడకు మేం పెట్టుకున్న పేరు ముక్కమ్మగారు. మెట్ల కింద నిలబడి, పైన ఏ గదిలో ఆవకాయ జాడీ మూత తీశారో చెప్పగల ముక్కు అది. (ఆ ముక్కు పోలీసుల్లో ఉండి ఉంటే జిల్లాలో దొంగలంతా సేద్యానికి దిగి ఉండేవాళ్ళు.)

మాది విడవలూరు అవతల, సముద్రం ఒడ్డు పల్లె. వేట తప్ప మాకు వేరే బతుకు తెలియదు. మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. కొత్త పడవ మొదటిసారి నీళ్ళలో దిగేటప్పుడు ఆ ఇంట పుట్టిన ఆడపిల్ల గంగమ్మకు పొగ వెయ్యాలి. నిప్పుల మీద సాంబ్రాణి, చిటికెడు పసుపు, రెండు వేపాకులు, వాటితోపాటు పాత పడవ ఆఖరి వేటలో పడిన చేప ఎండబెట్టింది ఒకటి. పిల్ల ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళోనే వెయ్యొచ్చు, గంగమ్మకు దూరాభారాలు లేవు. కానీ వెయ్యకపోతే పడవ కదలదు. ఇంకొకటి, పొగ వేసిన పిల్ల ఆ పడవ తిరిగి ఒడ్డు చేరేదాకా సముద్రం ముఖం చూడకూడదు.

ఒక శనివారం, చూడ్డానికి వచ్చేవాళ్ళను రానిచ్చే వేళకు మా అన్న వచ్చాడు. గేటు కమ్మీల సందులోంచి పొగ సామాను కట్టిన ఒక పొట్లం నా చేతిలో పెట్టి, "అమ్మణ్ణీ, రేప్పొద్దున పోటు మీద పడవ దించతాండాం. పొద్దు పొడిచేతలికి పొగెయ్యాల నువ్వు, యేమే?" అన్నాడు.

"ఇక్కడ నిప్పు ఏడ దొరకతాది అన్నా? ఆ యమ్మ చూసిందంటే నన్ను ఊరికి తోలేస్తాది."

"అట్టయితే పడవ దించం. నాయన రెండేళ్ళు రెక్కలు ముక్కలు చేసుకుని కట్టిచ్చినాడు. ఇసకలోనే పెట్టుకుని ఆడుకుంటాంలే," అని ముఖం తిప్పేసుకున్నాడు. మా అన్న అలిగితే అచ్చం మా అమ్మే. నేను "వేస్తాలే పో" అనేశాను. అన్నాక గాని ఎంత మాట అన్నానో తెలిసిరాలేదు. ఎందుకంటే మా పల్లెలో పలక పట్టిన మొదటి ఆడపిల్లను నేను. హాస్టలు పోతే చదువు పోయినట్టే.

నా పక్క మంచం పిల్లది బిట్రగుంట. వాళ్ళ నాయన రైలింజన్లో బొగ్గు వేసే ఉద్యోగం. సంగతి చెబితే అది పకపకా నవ్వింది. "ఓసి పిచ్చిమొద్దా! పొద్దున్నే ఇస్త్రీ పెట్టె నిండా నిప్పులే గదే! దాంట్లో వేసెయ్, ఎవురికి తెలస్తాది?" అంది. నిజమే. ఆదివారం తెల్లవారగానే హాస్టలుకంతా ఉన్న ఒక్క ఇత్తడి ఇస్త్రీ పెట్టెలో టెంకాయ చిప్పల బొగ్గులు రాజేసి, వంతులవారీగా చీరలు ఇస్త్రీ చేసుకునేవాళ్ళం. హాస్టల్లో చట్టబద్ధమైన నిప్పు అదొక్కటే. పెట్టె పోటు వేళకు నా చేతిలోనే ఉండాలి కాబట్టి, ఆ పూట మా గది చీరలన్నీ నేనే ఇస్త్రీ చేస్తానన్నాను. "నీ కడుపు చల్లగుండ" అని మా గదిలోనే ఉండే వెంకటాచలం ఊరి అక్క నా బుగ్గలు పుణికింది. ఆవిడ మా అందరికంటే పెద్దది, చేపల బుట్ట ఎదురైతే వీధి మారే మనిషి.

ఇక్కడే నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. నా భయమంతా సాంబ్రాణి మీదే. అందుకని దాన్ని ఆవగింజంత వేశాను, వేపాకులు చిన్నవి ఏరాను, కిటికీలు తెరిచాను, బిట్రగుంట పిల్లను తలుపు దగ్గర కాపలా పెట్టాను. ఎండుచేపల సంగతి మాత్రం నా బుర్రకు తట్టనే లేదు. మీరు నవ్వకండి. మేం పుట్టింది ఆ వాసనలో, పెరిగింది ఆ వాసనలో. గాలికి వాసన ఉంటుందని ఎవరైనా అనుకుంటారా? మాకూ అంతే, అసలది ఒక వాసనని తెలియదు. పొట్లంలో పిడికెడు నెత్తళ్ళున్నాయి. ఒకటి చాలు. కానీ సముద్రం మీదికి పోతున్నది నా అన్న, కొత్త పడవ, గంగమ్మకు లోభం చెయ్యడమెందుకని పిడికెడూ పెట్టెలో పోసి మూత వేశాను. "తల్లీ, మావాళ్ళను చల్లగా చూడు" అని దణ్ణం పెట్టుకుని, చిల్లుల్లోంచి పొగలు కక్కుతున్న ఆ పెట్టెతోనే తడి చల్లిన తెల్లచీరలన్నీ మడత నలగకుండా ఇస్త్రీ చేశాను. మనసు ఎంత తేలికపడిందో! హాస్టలంతా చిప్పల పొగ కమ్ముకుని ఉండటంతో, చీరలు కట్టుకున్నప్పుడు ఎవరికీ తేడా తెలియలేదు.

చర్చికి బయలుదేరాం. మలుపు దాటగానే ఒక పిల్లి మా వెనక నడవసాగింది. పాపం, దాని దారిన అది పోతోందనుకున్నాం. తరవాత ఇంకొకటి గోడ దూకింది. అంగళ్ళ వీధికి వచ్చేసరికి మా వరస వెనక ఇంకో వరస తయారైంది, తోకలు నిక్కబొడుచుకుని, మాకంటే క్రమశిక్షణగా. అరుగు మీద కూర్చున్న ఒక అవ్వ చెయ్యడ్డం పెట్టుకుని చూసి, "యేందమ్మా, ఎండుచేపలు యాడ దిగినాయి ఈ పొద్దు?" అని అడిగింది. చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుంటే, ఒక గండుపిల్లి వచ్చి వెంకటాచలం అక్క ఎదుట చతికిలబడి, ఆమె ముఖంలోకి మహా భక్తిగా చూస్తూ ఉండిపోయింది. ముందు వరసలో ముక్కమ్మగారి ముక్కు ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిరిగింది. బిట్రగుంట పిల్ల నవ్వు ఆపుకోలేక పైట నోట్లో కుక్కుకుని, ఆ కంపుకు దగ్గి, మళ్ళీ నవ్వింది.

హాస్టలుకు రాగానే అందరినీ హాల్లో నిలబెట్టారు. "ఎవరి పని ఇది?" అన్నారు ముక్కమ్మగారు. వెంకటాచలం అక్క కొంగు వాసన చూసుకుని భోరుమంది. నేను ముందుకొచ్చి, పడవ దగ్గర్నుంచి ఇస్త్రీ పెట్టె దాకా చెప్పేశాను. "సామాను సర్దుకో. మధ్యాహ్నం బస్సుకు పంపించేస్తాను" అన్నారు. నాకు చదువు గుర్తు రాలేదు. సముద్రమే గుర్తొచ్చింది. "అట్టాగేనండీ, పంపించేయండి. ఈ పొద్దు మాత్రం వద్దండీ! పడవ ఒడ్డు చేరకముందే నేను సముద్రాన్ని చూడకూడదండీ! మా అన్న దాని మీదే ఉండాడు" అని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆవిడ నన్ను తేరిపార చూశారు. "నెల్లూరులో నువ్వు పొగ వేస్తే సముద్రంలో ఉన్న పడవకు తెలుస్తుందా?"

"మీరు చర్చిలో మెల్లిగా చెప్పుకుంటే పైన ఆకాశంలో వినపడతాది గదండీ, అట్టాగేనండీ."

నేను పొగరుతో అనలేదు, నిజంగా అట్లాగే అనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "బస్సు సంగతి తరవాత. ముందు చీరలన్నీ ఉతుకు. కుంకుడుకాయ నువ్వే కొట్టుకో" అని లోపలికి వెళ్ళిపోయారు. సాయంత్రం దాకా చేతులు పగిలేలా ఉతికాను. ఆ రోజు అన్నం ముందు ప్రార్థనలో ఆవిడ ఎప్పుడూ చెప్పే మాటలన్నీ చెప్పి, ఆమెన్ అనబోయి ఆగి, "సముద్రం మీద ఉన్న బిడ్డలను క్షేమంగా ఒడ్డుకు చేర్చుము ప్రభువా" అన్నారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

తరవాతి శనివారం గేటు దగ్గర మా అన్న కనబడేదాకా నా ప్రాణం కుదుటపడలేదు. నల్లగా నిగనిగలాడుతూ, నెత్తిన బుట్టతో నిలబడి ఉన్నాడు. "పడవ బంగారం అమ్మణ్ణీ! మొదటి వేటకే వల బరువెక్కింది. ఇయ్యి మీ అమ్మగారికి" అన్నాడు. బుట్ట నిండా ఎండు నెత్తళ్ళు! నేను కెవ్వుమనబోయేలోగా ముక్కమ్మగారే వచ్చేశారు. "హాస్టలు లోపలికి చేపలు రాకూడదు, తెలుసా?" అని అన్నను గద్దించారు. వాడు బిక్కచచ్చిపోయాడు. ఆవిడ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "వెనక నా ఇంటి వైపు తీసుకురా" అన్నారు.

మర్నాడు చర్చికి బయలుదేరితే మా వెనక ఒక్క పిల్లీ రాలేదు. అన్నీ ముక్కమ్మగారి ఇంటి పిట్టగోడ మీద బారులు తీరి, వంటింటి కిటికీకేసి చూస్తూ కూర్చున్నాయి. ఆవిడ వాటిని చూడనట్టే నడిచారు, మేమూ చూడనట్టే నడిచాం. బస్సు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. "సముద్రం మీద ఉన్న బిడ్డలు" అనే మాట మాత్రం నా ట్రైనింగు అయిపోయేదాకా ఆ ప్రార్థనలో ఉండిపోయింది.

ఆ చదువుతో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను. ముక్కమ్మగారు లేరు, ఆ పడవా లేదు, మా అన్నా పోయాడు. ఇప్పుడు నాకున్నది కరెంటు ఇస్త్రీ పెట్టె, దానికి చిల్లులుండవు. అయినా తెల్లచీర ఇస్త్రీ చేసిన ప్రతిసారీ, ఇంట్లోవాళ్ళు చూడకుండా ఒక మడత ముక్కుకు ఆనించుకుంటాను. సబ్బు వాసన తప్ప ఏమీ రాదు. ఇంత వయసొచ్చినా ఇదేం పిచ్చే నీకని నాలో నేనే నవ్వుకుని, ఆ చీరే కట్టుకుని వీధిలోకి వెళ్తాను, మలుపు దాటాక ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటూ.