నిలబడిన బండికి ఎన్ని ఆంపియర్లు

పోయిన ఆదివారం మా తమ్ముడి కొడుకు తన పాత అంబాసిడర్‌ను తిరువళ్ళూరులో మా ఇంటి ముందు నిలిపి, దానికి ఏసీ, ఎల్‌ఈడీ లైట్లు, పాటల పెట్టె అన్నీ పెట్టిస్తున్నానని, మొత్తం యాభై ఆంపియర్లు తేలింది కాబట్టి బండికి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ అరవైది చాలునా అని అడిగాడు. తిరుత్తణిలో ముప్పై అయిదేళ్ళు కార్లకు వైరింగు చేసి మానుకున్నవాణ్ణి, ఇంకా అడిగేవాళ్ళున్నారంటే సంతోషమే. చాలదు, తొంభైది వెయ్యి, అదీ ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు ఎంత ఇస్తుందో కనుక్కొని వెయ్యి అన్నాను. ఎందుకని వాడు అడగలేదు.

నాకు పని అప్పుడప్పుడే చేతికి వచ్చిన రోజులవి. మా అక్క మొగుడు, మా బావ, పళ్ళిపట్టు నుంచి తిరుత్తణికి అంబాసిడర్‌ను అద్దెకు తోలేవాడు. మన యీడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ బండ్లకు డైనమో ఉండేది. పెద్ద బల్బులు, మంచులైట్లు, ఫ్యాన్లు, టేపు రికార్డరు అని ఆయన ఒక్కొక్కటే తగిలించమంటూ వచ్చాడు, నేను తగిలిస్తూ వచ్చాను. డైనమో మోయలేకపోయేసరికి దాన్ని పీకేసి ముప్పై ఆరు ఆంపియర్ల ఆల్టర్నేటర్ బిగించాను. అన్నీ వేసినా ముప్పై రెండే కదా, ఇంకా నాలుగు మిగులు అని, నాకు పని నేర్పుతున్న మేస్త్రిని అడగకుండా నేనే తేల్చుకున్నాను. ఆ ముప్పై ఆరు బండి పరుగులో ఉన్నప్పటి మాట అనీ, నిలబడితే అందులో సగమైనా రాదనీ నాకు తెలియదు.

ఆ యేడు కార్తీకంలో వానలు పట్టాయి. నెలలు నిండకముందే అక్కకు నొప్పులు మొదలైతే, తిరుత్తణి ఆస్పత్రికని మధ్యాహ్నం పూట బావ బండి తీశాడు. నేను ముందు కూర్చున్నాను, వెనుక అక్క తల మా అమ్మ ఒడిలో. మబ్బుకు పట్టపగలే చీకటి కమ్మి లైట్లు, వైపర్లు వేయక తప్పలేదు, అక్కకు ఊపిరాడక ఫ్యాన్లూ తిరుగుతున్నాయి. సగం దారిలో వంక నీళ్ళు రోడ్డెక్కి పారుతుంటే లారీల వెనుక గంటకు పైగా నిలబడిపోయాము. వైపర్లు నిదానించాయి, లైట్లు ఎర్రబడ్డాయి, నేను ఒక్కో స్విచ్చీ ఆపుతూ ఉండగానే ఇంజను ఆగిపోయింది. నీళ్ళు తగ్గి లారీలు కదిలాయి, మా బండి కదలలేదు. వెనకున్న బస్సులోంచి నలుగురు దిగి తోశారు. ఆల్టర్నేటర్ పని మొదలుపెట్టాలంటే బ్యాటరీలో కాస్తయినా ప్రాణం ఉండాలి, అది లేదు.

“పాత డైనమో ఉండింటే తోస్తే పట్టుకొనుండునురా,” అన్నాడు బావ. కోపంగా అనలేదు.

బస్సు కిటికీలోంచి ఒకామె తొంగిచూసి, “నొప్పులు పడే ఆ పాపను ఈడికి ఎక్కించండప్పా, యాడ చూస్తా నిలబడినారు!” అని అరిచింది. వెనక సీటు ఖాళీ చేసి, ఆడవాళ్ళు చీర ఒకటి అడ్డం పట్టారు.

తిరుత్తణి ఆస్పత్రిలో చేరిన కాసేపటికే మగబిడ్డ పుట్టాడు. మొదట ఏడవలేదు. నర్సమ్మ వీపు తట్టి ఏడిపించేదాకా ఎంతసేపు పట్టిందో చెప్పలేను, వరండాలో గోడకు ఆనుకొని నేను ముప్పై ఆరులోంచి ముప్పై రెండు తీసేస్తూనే ఉన్నాను. నిలబడిన బండికి ఏమేమి కావాలో మొదట రాసుకో, పరుగు సంగతి తరువాత చూడు అని మరుసటి వారం మేస్త్రి నేర్పాడు. అక్క ఆ సంగతి ఏనాడూ ఎత్తలేదు. బావ మాత్రం ఆ తరువాత చిన్న బల్బు మార్చాలన్నా మేస్త్రినే అడిగాడు.

ఇప్పుడా వంక మీద వంతెన వచ్చింది. ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది, రావలసినదే. కానీ ఆనాటి బస్సులో దారిలో దిగవలసినవాళ్ళు ఎందరో ఉండినా, ఆపమని ఒక్కరూ అనలేదు. తమ ఊళ్ళు దాటిపోతుంటే చూస్తూ కూర్చున్నారు, తిరుత్తణిలో దిగి తిరుగు బస్సు కోసం వానలో నిలబడ్డారు. వాళ్ళలో ఒక్కరి పేరూ మేము అడగలేదు. అడగాలని తోచని రోజులవి.