చేతులు పట్టుకోమన్న పాఠం

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతబడి నా చదువు ఒక ఏడాది వెనకబడింది. ఆ తర్వాత ట్రైనింగు పూర్తిచేసి, టేకుమట్ల దగ్గర ఒక పల్లె బడిలో చేరాను. ఒకటి, రెండు తరగతులు నావి. మిగతావి పెద్ద సారు చూసుకునేవాడు.

సరి, బేసి చెప్పడానికి చింతగింజలు తెప్పించాను. గుప్పెడు తీసుకుని జతలు పేర్చమనేవాణ్ణి. ఒకటి మిగిలితే బేసి, ఏమీ మిగలకపోతే సరి. అందరికన్నా ముందు పట్టుకున్నది మాదిగ వాడ నుంచి వచ్చే ఒక ఆడపిల్ల. తలుపు పక్కన విడిగా కూర్చునేది. గింజల్ని వేళ్ళతో రెండేసి పక్కకు జరిపి, “సరి” అని మెల్లగా చెప్పేది. విడిగా ఎందుకు కూర్చుంటుందో నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

మూడో రోజు కొత్తగా ఏదైనా చేద్దామనిపించింది. ఆ రోజు ఇరవై నలుగురు వచ్చారు. అందరినీ బయట నిలబెట్టి, ఇద్దరిద్దరు చేతులు పట్టుకోండి, ఎవరైనా మిగులుతారేమో చూద్దాం అన్నాను. పిల్లలు పరుగెత్తి జతలు కట్టారు. చివరికి ఆ పిల్ల, ఊరి పటేల్ కొడుకు మిగిలారు. వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ పిల్ల చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంచి, తర్వాత లంగాకు తుడుచుకుంది.

ఇరవై నాలుగు సరా, బేసా అని అడిగాను.

“బేసి సారూ. ఇద్దరు మిగిలిండ్రు,” అన్నాడొకడు.

నాకు కోపం వచ్చింది. వెళ్ళి ఆ పిల్ల చెయ్యి నేనే పట్టుకున్నాను. ఇప్పుడు నాతో కలిపి ఇరవై ఐదుగురం, మిగిలింది ఒక్కడు, ఇరవై ఐదు బేసి అన్నాను. లెక్కలో తప్పు లేదు. పిల్లలంతా పటేల్ కొడుకు వైపు తిరిగి “బేసి, బేసి” అన్నారు. వాడు ఏడుస్తూ ఇంటికి పోయాడు.

మధ్యాహ్నం పటేల్ వచ్చాడు. గొంతు పెంచలేదు.

“మా పోరణ్ని ఒంటిగ నిలవెట్టి, దాని చెయ్యి వట్టుకుంటివి. గిదేం సదువు సారూ?”

పెద్ద సారు నా మోచెయ్యి నొక్కాడు. నేను తప్పయిందన్నాను. తలుపు దగ్గర కూర్చున్న ఆ పిల్ల వింటూనే ఉంది.

మర్నాటి నుంచి ఆమె బడికి రాలేదు. వారం చూసి వాళ్ళింటికి వెళ్ళాను. తల్లితో కలుపు తీయడానికి పోయి అప్పుడే వచ్చినట్టుంది, కాళ్ళకు బురద ఆరలేదు. నన్ను చూసి లోపలికి తప్పుకుంది. తెలివైన పిల్ల, బడి మాన్పించవద్దని తల్లిని బతిమాలాను.

“పటేలు పొలంలనే మాకు పని,” అంది ఆమె. “నువ్వు తప్పయిందంటివట గద, బిడ్డ చెప్పింది. సదువుకున్నోనివి నువ్వే గట్లంటే మేమెంత సారూ?”

లేచి వచ్చేశాను. కొన్ని నెలలు రోజూ ఆమె పేరు పిలిచి రాలేదని రాసుకున్నాను. తర్వాత పెద్ద సారు ఆ పేరు కొట్టేయమంటే కొట్టేశాను.

మూడేళ్ళకు నాకు తొర్రూరు బదిలీ అయింది. వీడ్కోలు రోజు పటేల్ స్వయంగా వచ్చి దండ వేశాడు. మాట వినే సారు, ఇట్లాంటాయన మళ్ళీ దొరకడని అందరి ముందూ మెచ్చుకున్నాడు. నేను వంగి నమస్కారం పెట్టాను. బస్సు వచ్చేదాకా ఆయన అక్కడే ఉన్నాడు. తీసేస్తే ఏమనుకుంటాడోనని ఆ దండతోనే బస్సెక్కాను.