దాసన్న బూట్ల ముడి

నిన్న పొద్దున మా మనవరాలి కాన్వాస్ బూట్లకు తెల్లసుద్ద పూస్తుంటే, ఆ తడి సుద్ద వాసన నన్ను తీసుకెళ్ళి ఒమన్‌లోని అల్ హైల్‌లో, మా పాత రూమ్‌లో కూర్చోబెట్టింది. తాళ్ళు బిగిస్తుంటే పిల్ల మూతి ముడుచుకుంది. "ఊకె ఎందుకు కడుతున్నవ్ తాతా? నేను ఖోఖోల ఎక్స్‌ట్రానే. నన్నెవరు ఆడనిస్తరు?" ఎక్స్‌ట్రా! ఆ మాట విన్నాక దాసన్న గుర్తుకు రాకుండా ఎలా ఉంటాడు?

ఎనభైల చివర నేను జగిత్యాల వైపు నుంచి ఒమన్ వెళ్ళి, ఒక కంపెనీలో స్లాబులకు ఇనుప కడ్డీలు కట్టే స్టీల్ ఫిక్సర్‌గా చేరాను. రూమ్‌లో నా పక్క మంచం దాసన్నది. నరసాపురం వైపు మనిషి, మా కంపెనీలోనే స్టోర్ కీపర్, ఆరడుగుల పొడగరి. కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో గోల్ కీపర్ని అని మొదటి రోజే చెప్పాడు. మేమంతా నోళ్ళు తెరిచాం. ఎన్ని మ్యాచులు ఆడావని అడిగితే గొంతు సవరించుకుని, "ఎక్స్‌ట్రా గోల్ కీపర్ని లేవయ్యా," అన్నాడు. మూడేళ్ళూ బెంచీ మీదే గడిపాడట పాపం.

"ఒక్కసారి పిలిచారు గంగారామూ. ఆఖరి ఏడు, పక్క ఊరి కాలేజీతో పోటీ. మావాడి కాలు మడతపడింది. 'దాసూ!' అని కేకేశారు మాస్టారు. నేనేమో బూట్లు విప్పేసి వేళ్ళకి గాలి తగిలించుకుంటున్నాను. కట్టుకునే లోపల ఇంకొకణ్ణి నిలబెట్టేశారు."

"మరి గోల్ పడ్డదా అన్నా?"

"పడింది. నేనున్నా పడేదే. కానీ నా పక్కనుంచి పోయుంటే బాగుండేదయ్యా."

ఆనాటి నుంచి మెలకువగా ఉన్నంతసేపూ బూట్లు విప్పనని ఒట్టు పెట్టుకున్నాడు. అవి తెల్ల కాన్వాస్ బూట్లు, కాళ్ళకుండగానే వాటికి తడి సుద్ద పూసుకునేవాడు. తాళ్ళు చీలమండ చుట్టూ రెండు చుట్లు తిప్పి, ముడి మీద ముడి వేసేవాడు. మంచం మీద కాళ్ళు కిందికి వేలాడేసుకుని అన్నం తినేవాడు. ఏం మనిషిరా బాబూ అనుకునేవాళ్ళం.

ఒమన్‌లో సెలవు శుక్రవారం కాబట్టి, కోస్తా నర్సులూ వాళ్ళ బంధువులూ ఆదివారపు ఆరాధన శుక్రవారమే చేసుకునేవారు. మేరీ సిస్టర్ గారని పెద్ద నర్సు, వాళ్ళ హాల్లో చాపలు పరిచేవారు. దాసన్నతో నేనూ పోయేవాణ్ణి. అబద్ధమెందుకు, ప్రార్థన కోసం కాదు, తరువాత వడ్డించే కోడికూర కోసం. అందరూ చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చుంటే, దాసన్న మాత్రం బూట్లతో గడప దగ్గర స్టూలు మీద కూర్చునేవాడు. జేబులో ఒక ప్రసంగం ఉండేది. ప్రతి గురువారం రాసుకుని, నేను ఉల్లిగడ్డలు కోస్తుంటే నాకే వినిపించేవాడు. నా కంట్లో నీళ్ళు చూసి తన వాక్యబలం అనుకునేవాడు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ పిలవలేదు. "పాస్టరు గారికి జలుబైనా చెయ్యదేంటయ్యా," అని ఒకసారి నోరు జారి, వెంటనే లెంపలేసుకున్నాడు. నవ్వాను గానీ, ఆ పిలుపు కోసం ఆయన ఎంతగా కాచుకున్నాడో నాకు తెలుసు.

ఒక శుక్రవారం పాస్టరు గారి టాక్సీ దారిలో చెడిపోయిందని కబురొచ్చింది. "ఇవాళ వాక్యం ఎవరు చెప్తారు?" అన్నారు మేరీ సిస్టర్. అందరూ తలలు దించుకున్నారు. వంటింట్లోంచి మసాలా వాసన వస్తోంది. ఇక ఆగలేక, "మా దాసన్న చెప్తడు!" అని అరిచాను.

దాసన్న లేచాడు. గడప దాటి ముందుకు పోవాలంటే చాపలు తొక్కాలి. చాపల నిండా మనుషులు, బైబిళ్ళు, పసిపిల్లలు. బూట్లతో ఎలా పోతాడు? కూర్చుని ముడి విప్పబోయాడు. చెమటకు నాని రాయిలా బిగుసుకుంది. నేను పళ్ళతో లాగాను. రాలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. దాసన్న మళ్ళీ ముడి మీదికి వంగాడు. మళ్ళీ అదే తాళ్ళ దగ్గర ఈయన ఆట అయిపోయేలా ఉంది.

"విప్పుకుంటనే చెప్పన్నా, ఇక్కణ్ణుంచే," అన్నాను మెల్లగా.

ఆయన తల వంచుకునే, "మా కాలేజీలో ఒక గోల్ కీపరు ఉండేవాడండీ," అని మొదలుపెట్టాడు. జేబులో కాగితం జేబులోనే ఉంది. బెంచీ గురించి చెప్పాడు, బూట్ల గురించి చెప్పాడు. పిలుపు రాదేమోనని భయపడేవాడి గురించి, వచ్చినప్పుడు లేవలేనివాడి గురించి చెప్పాడు. మధ్యమధ్యలో ముడి లాగుతూనే ఉన్నాడు. హాలు హాలంతా గడప వైపు తిరిగింది. డ్యూటీ దిగి ఆలస్యంగా వచ్చి గడప దగ్గర కూలబడ్డ నర్సులది మొదటి వరుసయింది. పెందలాడే వచ్చి ముందు కూర్చున్న పెద్దమనుషులు వెనకనుంచి మెడలు సాచారు. ఒక బూటు ఊడేసరికి ప్రసంగం అయిపోయింది. నవ్విన నర్సులే కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆ పూట నా దగ్గర ఉల్లిగడ్డలు లేవు, అయినా ఏడ్చాను.

"వచ్చే వారం కూడా మీరే చెప్పండి బ్రదర్," అన్నారు మేరీ సిస్టర్. "కానీ చెప్పులేసుకుని రండి."

రెండేళ్ళకు దాసన్న ఇంటికి పోయి పాస్టరు అయ్యాడు. పోయే ముందు నన్ను కూర్చోబెట్టి నా సేఫ్టీ బూటుకు తానే ముడి వేసి చూపించాడు. "గట్టిగానే కట్టు గంగారామూ. కానీ ఒక్క లాగుకి ఊడిరావాలి. నాకిది తెలిసేసరికి నలభై ఏళ్ళొచ్చాయి." తరువాత ఒకనాడు మా ఫోర్‌మాన్ సెలవు మీద పోతే, ఈ పని ఎవరు చూస్తారని ఇంజినీరు అడిగాడు. అందరూ తలలు దించుకున్నారు. "నేను చూస్త సార్," అన్నది నేనే. వంగి బూటు తాళ్ళు ఒకసారి బిగించుకున్నాను.

మనవరాలి రెండో బూటు కూడా అలాగే కట్టాను. తాడు కొస పట్టి లాగి చూసుకుంది. సుళువుగా ఊడింది. మళ్ళీ కట్టించుకుంది.

"నన్ను పిలవకపోతే తాతా?"

"పిలిచేదాక ఇట్లనే కట్టుకుందాం బిడ్డా," అన్నాను. "రోజూ నేనే కడత."